మూడు ఎకౌంట్లున్న కస్టమర్‌కి లెటర్‌లో ఒక్కటే వస్తోంది, అసలు ఈ టూల్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా_చేరిన_డెవ్

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ జావా, ఎస్‌క్యూఎల్ మీదే చేశాను, ఈమధ్య కస్టమర్ కమ్యూనికేషన్స్ టీమ్‌లో వేశారు. స్టేట్‌మెంట్లు, రెన్యువల్ నోటీసులు, వడ్డీ రేటు మారిందని పంపే లెటర్లు, ఇవన్నీ బ్యాచ్‌లో లక్షల్లో తీసే పని. టూల్ ఓపెన్‌టెక్స్ట్ ఎక్స్‌స్ట్రీమ్. చేరేముందు ఏమన్నారంటే "ఏముంది, వర్డ్‌లో మెయిల్ మెర్జ్ లాంటిదే, పేరు ఇక్కడ పెట్టు, ఎమౌంట్ అక్కడ పెట్టు, అయిపోయింది" అని. తీరా చూస్తే డిజైన్ మేనేజర్ ఒకటి, డిజైనర్ ఒకటి, ఇంజిన్ ఇంకొకటి, డేటా ఫైళ్లలోనే డ్రైవర్ ఫైల్, రిఫరెన్స్ ఫైల్, ఇనిషియలైజేషన్ ఫైల్ అని రకాలు. మాన్యువల్ తెరిస్తే ప్రతి బటన్ గురించీ ఉంది కానీ ఏది ముందు ఏది తర్వాత అనేది లేదు.

ప్రస్తుతం ఇరుక్కున్నది ఇక్కడ: ఒక కస్టమర్‌కి మూడు ఎకౌంట్లుంటే లెటర్‌లో చివరి ఎకౌంట్ ఒక్కటే వస్తోంది, మిగతా రెండూ మాయం. ఒకే ఎకౌంట్ ఉన్నవాళ్లకి అంతా బాగానే ఉంది. ఇంకోటి, ఇంట్లో ప్రాక్టీస్ చేద్దామంటే లైసెన్స్ లేదు, ఆఫీస్ మెషీన్‌లో తప్ప దిక్కులేదు. లైసెన్స్ లేకుండా ఈ పని నేర్చుకునే దారి ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

పుటలమేస్త్రి

తమ్ముడూ ముందు ఆ ఎకౌంట్ల సంగతి చూద్దాం, మిగతాదంతా దాంట్లోంచే వస్తుంది. నీ డ్రైవర్ ఫైల్‌ని, అంటే కస్టమర్ల డేటా వచ్చే అసలు ఫైల్‌ని, ఎప్పుడైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశావా? టూల్‌లో కాదు, ఉత్త నోట్‌ప్యాడ్‌లో. ఇంచుమించు ఇలా ఉంటుంది:

01|500127|పేరు|చిరునామా|భాష
02|సేవింగ్స్|8841|0000125050
03|0504|జమ|0000040000
03|0511|ఖర్చు|0000012500
02|డిపాజిట్|9017|0000600000
03|0505|జమ|0000100000
02|లోన్|3326|000012505జె
01|500128|పేరు|చిరునామా|భాష

01 అంటే కస్టమర్, 02 అంటే ఎకౌంట్, 03 అంటే లావాదేవీ. ఇప్పుడు చూడు, ఫలానా 03 ఫలానా ఎకౌంట్‌ది అని ఆ లైన్‌లో ఎక్కడా రాసిలేదు. దాని పైన దగ్గర్లో ఏ 02 ఉందో దానిది, అంతే. వరసే సంబంధం. నువ్వు ఎస్‌క్యూఎల్ నుంచి వచ్చావు కాబట్టి ప్రతి వరసలో అది ఎవరిదో చెప్పే ఒక కీ ఉంటుంది, జాయిన్ చేసుకుంటే సరిపోతుంది అనుకుంటావు, ఇక్కడ అది లేదు. ఎవరైనా ఈ ఫైల్‌ని ఏదో ఒక కాలమ్ మీద సార్ట్ చేస్తే ఒకళ్ల లావాదేవీలు ఇంకొకళ్ల ఖాతాలో పడతాయి, ఎర్రర్ కూడా రాదు.

ఇంజిన్ ఏం చేస్తుందంటే 01 కనబడగానే కొత్త కస్టమర్ మొదలు, ఇంకో 01 వచ్చేదాకా వచ్చిందంతా పాత కస్టమర్‌దే అని చదువుకుంటూ పోతుంది. నువ్వు 02లోని ఎకౌంట్ నంబర్‌ని మామూలు వేరియబుల్‌కి మ్యాప్ చేసి ఉంటావు. 8841 వచ్చింది, దాని మీద 9017 వచ్చి కూర్చుంది, దాని మీద 3326. లెటర్ కంపోజ్ అయ్యే టైమ్‌కి మిగిలింది 3326. ఒక్క ఎకౌంట్ ఉన్నవాళ్లకి ఈ గొడవే లేదు కాబట్టి నీకు ఇన్నాళ్లూ బాగానే కనబడింది. ఆ వేరియబుల్‌ని అర్రేగా, అంటే ఒకే పేరు మీద చాలా విలువలు పట్టేదిగా మార్చు, 02 రికార్డ్‌ని మళ్లీ మళ్లీ వచ్చే సెక్షన్‌గా డేటా మ్యాపింగ్‌లో చెప్పు, టేబుల్‌లో ఆ వరసని ఆ సెక్షన్‌కి కట్టు, దాని లోపల 03 కోసం ఇంకో వరస. జావాలో ఫర్ లూప్ లోపల ఫర్ లూప్ రాయవూ, అదే ఇక్కడ బొమ్మ రూపంలో ఉంది.

ఇప్పుడు మూడో ఎకౌంట్ చూడు, లోన్. దానికి ఒక్క 03 కూడా లేదు. లెటర్‌లో ఏం రావాలి? హెడింగ్ వేసి కింద ఖాళీ టేబులా? "ఈ నెల లావాదేవీలు లేవు" అని ఒక వాక్యమా? అసలు ఆ ఎకౌంటే చూపించకూడదా? దీనికి జవాబు మాన్యువల్‌లో దొరకదు, లెటర్ ఎవరిదో వాళ్లనే అడగాలి. ఈ పనిలో సగం ఇలాంటి ప్రశ్నలు ముందే అడగడం.

అలాగే ఆ లోన్ ఎమౌంట్ చివర జె అక్షరం ఉంది చూడు, అది టైపింగ్ తప్పు కాదు. మెయిన్‌ఫ్రేమ్‌లో కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాముల నుంచి వచ్చే చాలా ఫైళ్లలో మైనస్ గుర్తుని విడిగా పెట్టరు, చివరి అంకెలోనే కలిపేస్తారు. జె అంటే చివరి అంకె 1, మొత్తం మైనస్. పైగా దశాంశ చుక్క కూడా ఉండదు, చివరి రెండంకెలు పైసలో సెంట్లో అని కాపీబుక్‌లో, అంటే ఫైల్‌లో ఏ ఫీల్డ్ ఎక్కడ ఎలా ఉంటుందో చెప్పే వివరణలో, రాసి ఉంటుంది. అంటే అది మైనస్ 1250.51. కాపీబుక్ అడిగి తెచ్చుకో, అది లేకుండా మ్యాపింగ్ చేయడం చీకట్లో బాణం వేసినట్టే.

టూల్ పేర్ల గురించి ఒక మాట, వెతకడానికి పనికొస్తుంది. ఎక్స్‌స్ట్రీమ్ మొదట్లో విడి కంపెనీ, ప్రొడక్ట్ పేరు డైలాగ్. 2008లో హెచ్‌పీ కొనుక్కుంది, 2016లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వచ్చింది. అందుకని పాత జవాబులు డైలాగ్ అనీ, హెచ్‌పీ ఎక్స్‌స్ట్రీమ్ అనీ కొడితేనే దొరుకుతాయి, లోపల సరుకు చాలావరకు అదే. స్టోరీటెల్లర్ అని కనబడితే మాత్రం అది వేరే వంశం, 2010లో ఓపెన్‌టెక్స్ట్ కొన్న స్ట్రీమ్‌సర్వ్ నుంచి వచ్చింది, ఆ స్క్రీన్లు చూసి నీ డిజైనర్‌లో అవి లేవేంటని బుర్ర పాడుచేసుకోకు. రేపు ఇంకో ప్రాజెక్ట్‌లో క్వాడియెంట్ ఇన్‌స్పైర్ ఇచ్చినా భయపడనక్కర్లేదు, దాని పాత పేరు జీఎంసీ ప్రింట్‌నెట్, అక్కడ రో సెట్, ఫ్లో అంటారు గానీ 01, 02, 03 బుర్రకెక్కితే ఏ టూల్‌లో అయినా ఒక వారం తడబాటు అంతే.

ఓపెన్‌సోర్స్_పక్షపాతి

లైసెన్స్ లేదని ఆగిపోవద్దు బ్రో. అపాచీ ఎఫ్‌ఓపీ ఉంది, పూర్తిగా ఉచితం, జావా వచ్చు అన్నావు కాబట్టి నీకు ఇంకా సులువు. పద్ధతి ఏంటంటే కస్టమర్ డేటాని ఎక్స్ఎంఎల్‌గా పెట్టుకుంటావు, ఎక్స్ఎస్ఎల్‌టీ స్టైల్‌షీట్ రాస్తావు, అది ఎక్స్ఎస్ఎల్ ఎఫ్‌ఓ అనే లేఅవుట్ భాషలోకి మారుస్తుంది, ఎఫ్‌ఓపీ దాన్ని పీడీఎఫ్ చేస్తుంది. ప్రింట్ షాపుల్లో వాడే ఎఎఫ్‌పీ, పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ కూడా తీస్తుంది. ఎక్స్ఎస్ఎల్ ఎఫ్‌ఓ 2001 నాటి స్టాండర్డ్, పాత చింతకాయ పచ్చడే, కానీ పేజీ అంటే ఏంటి, హెడర్ ఎలా రిపీట్ అవుతుంది, పేరా ఎక్కడ విరుగుతుంది ఇవన్నీ చేత్తో రాయాల్సి వస్తుంది కాబట్టి బాగా ఒంటబడుతుంది. డ్రాగ్ అండ్ డ్రాప్‌లో ఇవి తెలియకుండానే గడిచిపోతాయి, ఏదైనా తేడా వచ్చినప్పుడే తెలుస్తుంది.

ప్రాక్టీస్‌కి మేస్త్రి గారు పెట్టిన డేటానే ఎక్స్ఎంఎల్ చేసుకో, ఇద్దరు ముగ్గురు కస్టమర్లు చాలు. ప్రతి కస్టమర్‌కి ఒక పేజ్ సీక్వెన్స్, అంటే విడి పేజీల వరస, పెట్టి పేజీ నంబర్ 1 నుంచి మొదలయ్యేలా చెయ్యి. తర్వాత "3లో 1వ పేజీ" అని కింద రావాలనుకో, మొదటి పేజీ వేసేటప్పటికి మొత్తం ఎన్ని పేజీలో ఎవరికీ తెలియదు కదా. దానికి ఏం చేస్తారంటే లెటర్ చివర ఒక ఖాళీ బ్లాక్ పెట్టి దానికి ఐడీ ఇచ్చి ఆ ఐడీ ఏ పేజీలో పడిందో అడుగుతారు. ఒక్క కస్టమర్‌తో చక్కగా పనిచేస్తుంది, రెండో కస్టమర్ కలపగానే తన్నేస్తుంది, ఎందుకంటే ఇద్దరికీ ఒకటే ఐడీ. ఐడీలో కస్టమర్ నంబర్ కలుపు. ఒక లెటర్ చేయడానికి, బ్యాచ్ చేయడానికి తేడా అక్కడే అర్థమవుతుంది.

వర్డ్ మెయిల్ మెర్జ్‌ని కూడా మరీ తీసిపారెయ్యక్కర్లేదు, ఇఫ్ ఫీల్డులు, నంబర్ ఫార్మాట్ స్విచ్‌లు దాంట్లోనూ ఉన్నాయి, ఒక వరసకి ఒక లెటర్ అయితే హాయిగా అయిపోతుంది. నీ మూడు ఎకౌంట్ల కేసు వచ్చిందా, అక్కడ చేతులెత్తేస్తుంది.

క్యూఏ_అక్క

డెవలపర్లు ఇక్కడ చెప్పనిది నేను చెప్తాను 😀 నాయనా, నువ్వు లెటర్ చేసి "బాగా వచ్చింది చూడండి" అని పంపే శాంపిల్‌లో పేరు పొట్టిగా ఉంటుంది, అడ్రస్ మూడు లైన్లుంటుంది, ఎమౌంట్ పాజిటివ్‌గా ఉంటుంది. ప్రొడక్షన్‌లో అలాంటి కస్టమర్ అదృష్టం ఉంటే దొరుకుతాడు.

నా దగ్గర ఒక టెస్ట్ ఫైల్ ఉంటుంది, దాంట్లో అందరూ మొండిఘటాలే. ఒకడికి ఇంటిపేరు లేదు. ఒకామెకి పేరు ఎంత పొడుగంటే ఎన్వలప్ కిటికీలోంచి బయటికి పోతుంది. ఒకళ్లకి అడ్రస్ ఆరు లైన్లు, ఒకళ్లకి మధ్యలో రెండు లైన్లు ఖాళీ, ఆ ఖాళీలు ఎగిరిపోయి కింది లైన్లు పైకి జరగాలి. బ్యాలెన్స్ సరిగ్గా సున్నా ఉన్నవాడు ఒకడు, ఎందుకంటే "మీరు చెల్లించాల్సిన మొత్తం 0.00, వెంటనే చెల్లించగలరు" అని లెటర్ పోతే అందరూ నవ్విపోతారు. జాయింట్ ఎకౌంట్‌లో ఇద్దరిలో ఒకరు చనిపోయినట్టు మార్క్ అయిన కేసు, ఆ లెటర్ "ప్రియమైన" అని వాళ్ల పేరుతో మొదలైతే అది బగ్ కాదు, ఒక ఇంట్లోవాళ్లని బాధపెట్టడం. ఈ కేసు రూల్‌లో ఉందా లేదా అని నేను మొట్టమొదట అదే చూస్తాను.

పేజీల విషయంలో, లావాదేవీలు సరిగ్గా పేజీ నిండే అన్ని, దానికంటే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఈ మూడూ ఉండాలి. ఆ ఒకటి ఎక్కువ ఉన్నచోటే సంతకం బ్లాక్ ఒక్కటే ఎగిరి కొత్త పేజీ మీద పడుతుంది. ఒకవైపే ప్రింట్ అయితే ఆ ఒక్క సంతకం కోసం ఇంకో కాగితం.

వేరే భాషల్లో లెటర్లుంటే ఇంగ్లీష్ బాక్స్ సైజుకి అనువాదం పట్టదు, అది ఒకటి. ఇంకోటి తెలుగు, హిందీ లాంటి లిపుల్లో వత్తులూ గుణింతాలూ కలిసి సరైన ఆకారంలో పడటం ఫాంట్ ఒక్కదానితో అయ్యే పని కాదు, ఇంజిన్ షేపింగ్ చేయాలి. డిజైన్ స్క్రీన్‌లో బాగానే కనబడి ప్రొడక్షన్ ఎఎఫ్‌పీలో వత్తు పక్కకి జరిగి కూర్చున్నవి చూశాను. అందుకే స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పను, అసలు ఏ ఫార్మాట్‌లో బయటికి పోతుందో అదే తీయమంటాను.

అన్నట్టు పీడీఎఫ్‌గా మెయిల్‌లో పోయేవాటికి స్క్రీన్ రీడర్‌తో చదివించి చూడు. చూపు లేనివాళ్లకి టేబుల్ ఏ వరసలో చదివితే అర్థమవుతుందో ఆ ట్యాగులు డిజైన్‌లోనే పెట్టాలి, దానికి పీడీఎఫ్ యూఏ అని 2012 నుంచి స్టాండర్డే ఉంది. చివర్లో తగిలిద్దాం అనుకుంటే టెంప్లేట్ మొత్తం మళ్లీ విప్పాల్సి వస్తుంది.

రూల్స్_రాసేవాడు

నేను బిజినెస్ అనలిస్ట్ సైడ్. అక్క చెప్పినవన్నీ నిజమే, నేను ఒకటి కలుపుతాను. టూల్ తెరవకముందే పాత లెటర్లన్నీ ఒకచోట పరిచి చదువు. సాధారణంగా ఏం కనబడుతుందంటే నలభై టెంప్లేట్లు ఉంటాయి, వాటిలో ముప్పై ఐదు ఒకదానికొకటి కవలలు, ఒకదాంట్లో ఫోన్ నంబర్ వేరు, ఒకదాంట్లో ఒక పేరా ఎక్కువ, అంతే. అవన్నీ ఒకే డాక్యుమెంట్ చేసి, మారే ముక్కలని మాత్రం రూల్‌తో ఆన్ ఆఫ్ చేయాలి. ఎప్పుడో రెగ్యులేటరీ వాక్యం మారితే ఒక్కచోట మార్చి ఊపిరి పీల్చుకోవచ్చు, లేకపోతే నలభై చోట్ల మార్చి ఒకటి మర్చిపోతాం.

కానీ దీన్ని అతి చేసేవాళ్లూ ఉన్నారు. వాక్యం మధ్యలో పదం పదానికీ కండిషన్ పెడతారు, "మీ" తర్వాత రూల్, "ఎకౌంట్" తర్వాత "లు" కోసం రూల్. ఆ పేరా చదివి చివరికి ఏం వస్తుందో రాసినవాడికి కూడా తెలియదు, లీగల్ వాళ్లకి చూపించి సంతకం పెట్టించలేం. నా పద్ధతి ఏంటంటే కనీసం వాక్యం మొత్తం, కుదిరితే పేరా మొత్తం మారాలి. ఒక ఎకౌంట్ ఉంటే ఒక వాక్యం, ఎక్కువుంటే ఇంకో వాక్యం, రెండూ పూర్తిగా రాసి పెట్టు. అనువాదానికి పంపినా పూర్తి వాక్యమే పోతుంది, ముక్కలు పంపితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం.

ఇంకో విషయం, లెక్కలు టెంప్లేట్‌లో చెయ్యకు. మొత్తాలు, వడ్డీ, పెనాల్టీ అన్నీ డేటా ఇచ్చే సిస్టమే లెక్కేసి పంపాలి, లెటర్ చూపించడం వరకే. లేకపోతే వెబ్‌సైట్‌లో ఒక అంకె, లెటర్‌లో ఇంకో అంకె వచ్చి ఏది నిజమో తేల్చలేక చస్తాం.

పుటలమేస్త్రి

లెక్కల విషయంలో రూల్స్ గారితో సగమే ఏకీభవిస్తాను. వడ్డీ లాంటివి ముమ్మాటికీ పైనుంచే రావాలి. కానీ "ఈ పేజీ వరకు మొత్తం", "ఈ పేజీలో ఎన్ని ఎకౌంట్లు చూపించాం" లాంటివి పేజీ ఎక్కడ విరిగిందో తెలిశాకే వస్తాయి, అవి కంపోజిషన్ ఇంజిన్ తప్ప ఎవరూ చెప్పలేరు. ఇంకా డేటా ఇచ్చే సిస్టమ్ వాళ్లు ఒక ఫీల్డ్ కలపడానికి తర్వాతి రిలీజ్ దాకా ఆగమంటారు, ఈలోపు లెటర్ పోవాలి. అప్పుడు టెంప్లేట్‌లోనే ఒక ఫార్ములా రాస్తాం, పక్కన కామెంట్ పెట్టి. ఆ కామెంట్ తీసేసే రోజు రాదనుకో, అది వేరే సంగతి.

తమ్ముడూ ప్రింట్ వైపు కూడా ఒకసారి పోయి చూసిరా. లెటర్ అంచున చిన్న బార్‌కోడ్ ఉంటుంది, చాలామంది డిజైనర్లకి అదేంటో తెలియదు. కాగితాలు మడిచి ఎన్వలప్‌లో పెట్టే మెషీన్ దాన్ని చదువుతుంది, ఈ సెట్‌లో ఎన్ని కాగితాలు, ఇది ఎన్నోది, ఇక్కడితో ఈ కస్టమర్ అయిపోయాడా అనేది దాంట్లో ఉంటుంది. లోగో పెద్దది చేద్దామని మార్జిన్ జరిపి ఆ బార్‌కోడ్ మీదకి రంగు వెళ్లిందా, మెషీన్ ఆగుతుంది. ఆగితే అదృష్టం. తప్పుగా చదివితే ఒకళ్ల స్టేట్‌మెంట్ రెండో పేజీ ఇంకొకళ్ల కవర్‌లోకి పోతుంది. ఒక చోట సరిగ్గా ఇదే జరిగి బ్యాచ్ మొత్తం వెనక్కి పిలిచారు. అందుకే అడ్రస్ బ్లాక్‌నీ బార్‌కోడ్ జాగానీ డిజైన్‌లో లాక్ చేసి పెడతారు, ఎవరు అడిగినా కదపరు.

కొత్తగా_చేరిన_డెవ్

అన్నా, అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. 02ని సెక్షన్ చేసి వేరియబుల్స్ అర్రే చేశాక మూడు ఎకౌంట్లూ వచ్చాయి, లావాదేవీలు కూడా ఎవరివి వాళ్ల కింద పడ్డాయి. లోన్ కింద ఏం రావాలో బిజినెస్ వాళ్లని అడిగితే వాళ్లలో వాళ్లకే ఇంకా తేలలేదు, మీటింగ్ పెట్టారు. ఇంట్లో ఎఫ్‌ఓపీ కూడా వేసుకున్నా.

అక్క చెప్పిన "ఒకటి ఎక్కువ" ఫైల్ చేసి చూస్తే సరిగ్గా పట్టేసింది. లావాదేవీలన్నీ మొదటి పేజీలోనే ఉన్నాయి, "మొత్తం" అనే వరస ఒక్కటే రెండో పేజీలో, పైన కాలమ్ హెడింగ్‌లు వేసుకుని ఒంటరిగా కూర్చుంది. దాన్ని మొదటి పేజీలోకి ఇరికించాలంటే ఫాంట్ తగ్గించమంటున్నారు మా లీడ్. అదేనా పద్ధతి?

ఓపెన్‌సోర్స్_పక్షపాతి

ఫాంట్ తగ్గిస్తే ఈ కస్టమర్‌కి సరిపోతుంది, ఇంకో రెండు లావాదేవీలు ఎక్కువున్నవాడికి మళ్లీ అదే. మొత్తం వరసని పైకి లాగడం కాదు, దాని ముందున్న ఒకటి రెండు లావాదేవీలని కూడా దాంతోపాటు కిందికి పంపించాలి. ఎఫ్‌ఓపీలో అయితే ఆ ముందు వరసలకి తర్వాతి వరసతో కలిసే ఉండాలి అనే కీప్ ప్రాపర్టీ పెట్టు. ఆఫీస్ టూల్‌లో కూడా వరస ప్రాపర్టీస్‌లో అలాంటి ఆప్షన్ ఉంటుంది, వెతుకు. అన్ని వరసలకీ పెట్టేయకు, పేజీ కంటే పొడుగు టేబుల్ వస్తే విరగడానికి చోటు దొరక్క ఇంకో గొడవ.

క్యూఏ_అక్క

ఫాంట్ తగ్గించమన్న లీడ్‌ని అడుగు, అక్షరాలు కనీసం ఎంత సైజు ఉండాలో మీ కంప్లయన్స్ వాళ్లు, అంటే నిబంధనలు చూసే టీమ్, రాసిపెట్టారా అని. చాలా చోట్ల రాసి ఉంటుంది. ఆ కాగితం చూపిస్తే వాదనే అక్కర్లేదు. సరిచేశాక ఆ ఫైల్ పారెయ్యకు, ప్రతి రిలీజ్‌కీ మళ్లీ నడపాలి.